తొమ్మిది దాటని వారాలు

జగిత్యాల
20 అక్టోబర్ 1996

పురుషోత్తంకు ఆశీస్సులు.

మీ అక్క బాగుంది. నేను బాగాలేను. రోగమేమీ లేదు, కాలేజీ ఉంది. లెక్కలు చెప్పే నలుగురు లెక్చరర్లలో ముగ్గురు గైడ్లు రాసుకుంటున్నారు. నాలుగోవాణ్ణి నేను. పిల్లలు నన్ను అడిగేది ఒక్కటే, పరీక్షలో ఏది వస్తుందని. ఇరవై రెండేళ్లుగా సుద్దముక్కలు అరగదీసింది దీనికోసమా అని అసహ్యమేస్తోంది.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల హైదరాబాదులో యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పత్రిక చదివాను. కేయాస్ అని కొత్త లెక్క. పేరుకు గందరగోళమే గాని, లోపల అలా కాదు. పైకి అడ్డదిడ్డంగా కనిపించేవాటికి ఒక్కోసారి చాలా చిన్న నియమం ఉంటుందట. ఈ వారం అంకె తెలిస్తే వచ్చే వారం అంకె ఆ నియమమే చెబుతుంది. కాకపోతే మొదట్లో గింజంత తేడా పడితే పది వారాలు తిరిగేసరికి లెక్క ఎక్కడికో పోతుంది. తట్టు, ఆటలమ్మ లాంటి రోగాలు ఊళ్లమీద పడే తీరు ఇలాంటిదేనా అని ఇంగ్లీషు దేశాల్లో తేల్చుకుంటున్నారు.

నేనూ తేల్చుదామని మన ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఆటలమ్మ లెక్క అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, "అమ్మ పోస్తే దవాఖానకు ఎవడస్తడు సార్?" అన్నాడు. నిజమే. మన దగ్గర అమ్మవారికి రిజిస్టర్ లేదు, వేపమండలే ఉన్నాయి.

నీ దగ్గర ఉంది, అక్కడ దోహా పక్కన క్యాంపులో. కంపెనీ క్లినిక్‌లో రాతకోతలన్నీ నువ్వే చూస్తావని మీ అక్క పదిమందికి చెబుతుంటుంది. ఆరేళ్ల రిజిస్టర్లలోంచి ఆటలమ్మ ఏ వారం ఎందరికి వచ్చిందో ఎత్తిరాసి పంపు. పేర్లు వద్దు, అంకెలు చాలు.

ఆశతో,
మీ బావ రామకృష్ణారావు


అల్ వక్రా
14 నవంబర్ 1996

బావగారికి నమస్కారాలు.

నేను బతికే ఉన్నాను. క్షేమం అనే మాట ఈ క్యాంపు గేటు దాకా రాదు కాబట్టి అది రాయను.

మీకు కాలేజీ రోతగా ఉందా? ఒక్కసారి ఇటు రండి. మూడు వందల అరవై మందికి ఇరవై రెండు మరుగుదొడ్లు. అందులో ఏడింటికి తలుపుల్లేవు. గదికి పద్నాలుగు మంచాలు, ఒకడు డ్యూటీకి పోతే ఆ దుప్పటిలోనే ఇంకొకడు దూరతాడు. మెస్సులో పప్పు మీద తేలేది నూనో మరొకటో వండినవాడికే తెలియదు. క్యాంప్ బాస్ మాత్రం ముక్కుకు అత్తరు రాసుకుని తిరుగుతాడు.

మీరడిగిన అంకెలు జతచేశాను. మూడు వందల పది వారాలు. మూడు శుక్రవారాలు కూర్చుని ఎత్తిరాశాను. ఒక్క మాట చెబుతాను, ఈ అంకెల మీద అంత మోజు పెట్టుకోకండి. ఇది క్యాంపు క్లినిక్, మీ యూనివర్సిటీ కాదు. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి నేను టైపు కొట్టిన కాగితాల మీద సంతకాలు పెట్టి పోతాడు. ఏం రాశానో చదవడు.

అక్క పంపిన అల్లం పచ్చడి కస్టమ్స్‌వాళ్లు తీసుకున్నారని చెప్పండి. నిజానికి తీసుకున్నది నా గదిలోవాళ్లే. అది చెప్పొద్దు.

పురుషోత్తం


జగిత్యాల
22 డిసెంబర్ 1996

బంగారు బామ్మర్దీ,

నిన్ను ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశాను. మోజు పెట్టుకోవద్దంటావా? ముందు విను.

గ్రాఫు కాగితం తీసుకుని, అడ్డంగా ఈ వారం అంకె, నిలువుగా వచ్చే వారం అంకె పెట్టి ఒక్కో చుక్కా పెడుతూ పోయాను. చుక్కలు చల్లినట్టు పడతాయనుకున్నాను. పడలేదు. చిన్న అంకెలు మెల్లగా పెరుగుతూ పైకి ఎక్కుతాయి, పైన తొమ్మిది దగ్గర ఆగుతాయి, అక్కణ్ణుంచి చప్పున సగానికి, మళ్లీ అందులో సగానికి దిగుతాయి. అచ్చం గుడారం బొమ్మ. మూడు వందల పది వారాల్లో ఒక్కసారి కూడా పది రాలేదు, చూశావా? ఆ రోగం లోపల ఎక్కడో ఒక గోడ ఉంది. అది ఎందుకుందో ఇంకా తెలియదు గాని, ఉంది.

ఏప్రిల్‌లో వరంగల్‌లో సెమినార్ జరుగుతోంది. పేపర్ పంపాను, తీసుకున్నారు. గైడ్లు రాసుకునే మా ముగ్గురి మొహాలు నువ్వు చూసి ఉండాల్సింది. నీ పేరు కూడా కృతజ్ఞతల్లో వేశాను. మీ అక్క ఆ కాగితం చూసి కళ్లు తుడుచుకుంది.

ఇంకో శుభవార్త. మా తమ్ముడు దామోదర్‌కు వీసా వచ్చింది, నీ కంపెనీలోనే, నీ క్యాంపులోనే. వాడికి చిన్నప్పుడు అమ్మ పోయలేదు. మా ఇంట్లో వాడొక్కడికే. అందుకని మొగుణ్ణి పంపడానికి శివకుమారి భయపడుతోంది, పెద్దవాళ్లకు వస్తే గట్టిగా వస్తుందని ఎవరో చెప్పారట. నా మరదలికి నేను ధైర్యం చెప్పాను, లెక్క ఉంది, చూసే పంపుతానని. ఈ నాలుగు వారాల అంకెలు వెంటనే పంపు. ఫిబ్రవరి ఎలా ఉంటుందో చెప్పేస్తాను.

నీ బావ
రామకృష్ణారావు


అల్ వక్రా
9 జనవరి 1997

బావగారికి,

మీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. ఎందుకో ఇప్పుడు రాయను.

దామోదర్‌ను ఇక్కడికి పంపకండి. ఈ తిండి వాడికి పడదు. క్యాంప్ బాస్ మనిషిని మనిషిగా చూడడు. దుబాయిలో ఏదైనా షాపులో పని దొరికేదాకా ఆగమనండి. వాడు అన్నం ముందు కూర్చుంటే కూరలో కరివేపాకు ఏరేసే రకం, ఈ మెస్సులో ఏం ఏరతాడు? నా మాట విని ఈ ఒక్క వీసా వదిలేయమనండి.

మీరడిగిన నాలుగు వారాలు: తొమ్మిది, నాలుగు, రెండు, ఒకటి.

కృతజ్ఞతల్లోంచి నా పేరు తీసేయండి. నాకు అలాంటివి గిట్టవు.

మా ఉత్తరాలన్నీ కంపెనీ ఆఫీసు మీదుగానే పోతాయని గుర్తుపెట్టుకోండి.

పురుషోత్తం


జగిత్యాల
28 జనవరి 1997

పురుషోత్తంకు,

నీ ఉత్తరం నేను చదివి, మీ అక్కకు చదివి వినిపించలేదు. అంత అసహ్యంగా ఉంది.

నా తమ్ముడు నీకు బరువవుతాడని భయమా? అక్క మొగుడి తమ్ముడు వస్తే సగం మంచం ఇవ్వాల్సి వస్తుందనా? అలా అయితే అలాగే రాయి. కరివేపాకు ఏరతాడు, తిండి పడదు, ఇవి ఆడబిడ్డ వంకలు. నీ పెళ్లికి దామోదర్ నాలుగు రాత్రులు నిద్రలేకుండా పందిట్లో తిరిగాడు. అది నువ్వు మరిచిపోయినట్టున్నావు. ఆఫీసు మీదుగా ఉత్తరాలు పోతాయట! పోతే ఏం? నేనేమన్నా బాంబులు పంపుతున్నానా?

ఒక మేలు మాత్రం చేశావు, అంకెలు పంపావు. తొమ్మిది, నాలుగు, రెండు, ఒకటి, నా గుడారం మీద చుక్క పక్కకు జరగకుండా కూర్చున్నాయి. దీన్నిబట్టి ఫిబ్రవరి నెలంతా రెండు మూడుకు మించదు. దూరపు జోస్యం కేయాస్ చెప్పనివ్వదు గాని, నాలుగైదు వారాలకు ఢోకా లేదు. మూడు వందల అరవై మందిలో ఇద్దరు ముగ్గురు. ఆ బొమ్మ చూపించి శివకుమారికి వివరించాను. ఆమెకు అర్థం కాలేదు గాని ఊరుకుంది.

పదో తేదీన దామోదర్ దోహాలో దిగుతాడు. ఇష్టమైతే ఎదురువెళ్లు.

రామకృష్ణారావు


ఉమ్ ఘువైలినా
12 ఫిబ్రవరి 1997

బావగారికి,

దీన్ని క్యాంపు నుంచి వేయడం లేదు. మహబూబ్ అనే మన నిజామాబాద్ డ్రైవర్ గదిలో కూర్చుని రాస్తున్నాను, అతనే బయట పోస్టు చేస్తాడు.

మీ ఉత్తరమూ దామోదరూ ఒకే రోజు చేరారు. నా జనవరి ఉత్తరంలో రాయాల్సింది రాయకుండా కరివేపాకు గురించి రాశాను. నా మొహాన ఉమ్మండి. ఇప్పుడు రాస్తాను.

ఇక్కడ ఒక రూలు ఉంది. ఒక వారంలో ఒకే క్యాంపులో అంటురోగం పదిమందికి వస్తే, సర్కారు ఆరోగ్యశాఖకు కాగితం పంపాలి. వాళ్లొచ్చి గదులు చూస్తారు, మరుగుదొడ్లు చూస్తారు, పని ఆపిస్తారు. అందుకని నేను చేరిన మొదటి నెలలోనే క్యాంప్ బాస్ నన్ను పిలిచి, "పది మాఫీ. తొమ్మిది దాకా రాయి. యల్లా, పో" అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి మాటలో లేదని. పద్నాలుగు మంది వస్తే తొమ్మిది రాసి మిగతావాళ్లను పై వారానికి తోస్తాను. వరసగా రెండు తొమ్మిదులు ఉంటే పైఆఫీసుకు అనుమానం వస్తుందని, ఆ పై వారం సగం రాస్తాను. దాని పై వారం అందులో సగం. ఆలోగా పాతవాళ్లకు తగ్గిపోయి ఉంటుంది, కొత్తవాళ్లు లెక్కలోకి రారు. ఆరేళ్లుగా ఇదే పని.

మీ గోడ రోగంలో లేదు, నా చేతిలో ఉంది. మెల్లగా పెరిగేది ఆటలమ్మ, చప్పున దిగేది నేను. సగం బొమ్మ దానిది, సగం నాది.

అసలు చాలామంది క్లినిక్ గడప కూడా తొక్కరు. మా గదిలో కడప తిరుపాలు ఉన్నాడు. ఒంటినిండా పొక్కులతో దుప్పటి కప్పుకుని పడుకుని, వక్రా రోడ్డు పక్క వేపచెట్టు నుంచి మండ తెప్పించుకుని తలుపు లోపలివైపు కట్టుకున్నాడు, బయటికి కనపడకుండా. నేను రమ్మంటే, "అమ్మ ఒంటిమీద ఉండంగ సూది పొడిపించుకుంటానా? పొయ్యి నీ బుక్కు రాసుకో సామీ, దాంట్లో నేను లేను" అన్నాడు. పేరు రాస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని భయం కూడా ఉంది. ఒకరిద్దరిని అలా పంపారు కూడా.

డిసెంబరులో నేను తొమ్మిది రాసిన వారం అసలు లెక్క పదహారు. ఒకటి రాసిన వారం పద్దెనిమిది. ఈ రోజుకు బి బ్లాకులోనే ఇరవై మూడు మంది ఉన్నారు, నేను గదిగదికీ తిరిగి లెక్కపెట్టాను. దామోదర్‌కు మంచం ఇచ్చింది బి బ్లాకులోనే. సి బ్లాకుకు మార్చమని క్యాంప్ బాస్ కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. చూద్దామన్నాడు.

మీరు మెచ్చుకున్న ప్రతి మాటా నాకు పురుగులు పట్టిన అన్నంలా ఉండేది. కాని ఆరేళ్లుగా అక్క నన్ను గురించి చెప్పుకునేది ఆ రిజిస్టర్ గురించే కదా. మింగలేక, కక్కలేక ఊరుకున్నాను.

దామోదర్ ఇప్పటికి బాగున్నాడు. నవ్వుతున్నాడు. గదిలో అందరికీ సకినాలు పంచాడు.

మీ పురుషోత్తం


జగిత్యాల
2 మార్చి 1997

పురుషోత్తం,

చిరంజీవి అని రాయబుద్ధి కాలేదు.

నాలుగు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. బల్ల మీద నా బొమ్మలు పరిచి ఉన్నాయి. నలభై కాగితాలు. వాటిలో ఒక్క చుక్కైనా నిజమా అని ఒక్కోటీ తిరగేశాను. నేను ప్రకృతి గుట్టు విప్పాననుకున్నాను. విప్పింది ఒక గుమాస్తా దొంగలెక్క. రేపు వరంగల్‌లో లేచి ఏం చెప్పను? అయ్యా, రోగాలకు నియమం దొరకలేదు, మా బామ్మర్దికి మాత్రం దొరికిందని చెప్పనా?

పైఅధికారి చెప్పాడు, రాశాను, అంటావు. దొంగసారా అమ్మేవాడూ అదే అంటాడు. నువ్వు ఏం చేశావో నీకు తెలిసినట్టు లేదు. ఒక్క అంకె మారిస్తే దాని వెనక వచ్చే అంకెలన్నీ మారిపోతాయని మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు ఆరేళ్లు మార్చావు. అంకె అంటే మనిషి రా. ఒక తొమ్మిది కింద ఎంతమందిని పూడ్చిపెట్టావు?

నాకు నీ మీద రోత పుట్టింది. ఇప్పటినుంచైనా ఉన్నది ఉన్నట్టు రాయి. పది ఉంటే పది, నలభై ఉంటే నలభై. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడికి రా, గంజి తాగుదాం. ఇక మీదట ఒక్క అబద్ధం ఆ పుస్తకంలో రాసినా నా ఇంట్లో నీకు పీట వెయ్యను. మీ అక్క ఏడ్చినా సరే.

దామోదర్‌ను సి బ్లాకుకు మార్చారా? వాడు ఉత్తరం రాయలేదు.

రామకృష్ణారావు


ఉమ్ ఘువైలినా
19 మార్చి 1997
(ఫ్యాక్స్)

బావా,

నిన్న ఫోన్లో మీ పక్కింట్లో అంతమంది ఏడుస్తుంటే నేను అడగాల్సింది అడగలేకపోయాను. అందుకే ఈ కాగితం. మీరొక్కరే చదవండి.

దామోదర్‌ను సి బ్లాకుకు మార్చలేదు. పన్నెండో తేదీన జ్వరం వచ్చింది, పద్నాలుగున పొక్కులు. ఆ వారం నా పుస్తకంలో తొమ్మిది నిండి ఉన్నాయి. వాడు పదోవాడు. పెద్దాసుపత్రికి కారు కావాలంటే పుస్తకంలో పేరుండాలి. పుస్తకంలో పేరు రాస్తే పది అవుతుంది. అందుకని వారం మారేదాకా ఆగుదామన్నాను, వచ్చే వారం మొదటి పేరు వాడిదే రాస్తానన్నాను. ఈ మాట అన్నది క్యాంప్ బాస్ కాదు, నేనే. అతను అడగాల్సిన అవసరం కూడా రాలేదు.

పదిహేనున దగ్గు మొదలైంది. పదహారున ఊపిరి అందలేదు. మీ ఉత్తరం ఆ రోజే చేరింది. చదివి నేరుగా వెళ్లి రిజిస్టర్‌లో పది రాశాను, దామోదర్ పేరు రాశాను, కారు అడిగాను. క్యాంప్ బాస్ ఆ కాగితం చింపాడు. మహబూబ్ తన సేఠ్ కారు తెచ్చాడు, సేఠ్‌కు చెప్పకుండా. క్లినిక్ మెట్లమీంచి కారు దాకా మోసుకెళ్లేలోపే అయిపోయింది. చివరి మాటలేమీ అనలేదు. నా చొక్కా గుండీ పట్టుకున్నాడు, అంతే.

ఇప్పుడు అడగాల్సింది. వాడు మా క్లినిక్‌లో పోయాడు కాబట్టి మొదటి కాగితం నేనే టైపు కొట్టాలి. ఆటలమ్మ ఊపిరితిత్తులకు ఎక్కి పోయాడని ఉన్నది ఉన్నట్టు రాస్తే, ఆరోగ్యశాఖవాళ్లు వస్తారు. పరీక్షలని వాణ్ణి ఉంచేస్తారు. ఇరవై రోజులో, నెలో తెలియదు. కాని క్యాంపు మూయిస్తారు, జబ్బువాళ్లను వేరు చేస్తారు, మిగతావాళ్లకు మందులిప్పిస్తారు. బి బ్లాకులో ఇప్పుడు ముప్పై ఒక్క మంది. తిరుపాలు లేచి తిరుగుతున్నాడు గాని, ఇంకో ఇద్దరికి దామోదర్‌కు పట్టిన దగ్గే పట్టింది.

క్యాంప్ బాస్ నా బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ, "హార్ట్ అని రాయి, ఖలాస్. మూడు రోజుల్లో విమానం ఎక్కిస్తా" అన్నాడు. బిస్కెట్ కూడా ముంచుకుని తిన్నాడు.

నేనైతే నిజమే రాస్తాను. మీరు అలాగే రాయమన్నారు, ఆ మాటకు నేను కట్టుబడి ఉన్నాను. కాని వాడు మీ తమ్ముడు, ఎదురుచూసేది మీ ఇంట్లోవాళ్లు. రేపు డాక్టరు సంతకానికి వస్తాడు. అంతలోపు చెప్పండి.

పురుషోత్తం


జగిత్యాల
20 మార్చి 1997
(ఫ్యాక్స్)

పురుషోత్తంకు,

గుండె అని రాయి.

శివకుమారి మొన్నటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నన్ను చూసినప్పుడల్లా లేచి లోపలికి వెళ్లిపోతోంది. నేను గ్రాఫు చూపించి పంపిన మనిషి వాడు. ఇంకో నెల ఆగు, సర్కారు పరీక్షలు కావాలి అని ఆమె ముందు నిలబడి నేను చెప్పలేను. మూడు రోజుల్లో వాణ్ణి పంపించు.

బి బ్లాకులో ముప్పై ఒక్క మంది అని రాశావు. చదివాను. ఆ ఇద్దరి దగ్గు సంగతీ చదివాను. వాళ్లకూ అన్నలుంటారు. అన్నీ తెలిసే చెబుతున్నాను, గుండె అని రాయి. నిన్ను రాయమన్నది నేనని ఎవరైనా అడిగితే చెప్పు.

వరంగల్ వెళ్లడం లేదు. పోయిన ఉత్తరంలో నిన్ను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు నన్ను తిట్టు అని చెప్పే మొహం కూడా లేదు నాకు. పెట్టె మీద పేరు పూర్తిగా రాయించు, దామోదర్‌రావు, తండ్రి నరహరిరావు, జగిత్యాల. నువ్వు కూడా వాడితో రా. మీ అక్కకు నీ పుస్తకం సంగతి ఏమీ చెప్పలేదు.

ఇది బస్టాండు దగ్గర షాపులో నిలబడి రాస్తున్నాను. నీ కాగితం మిషన్‌లోంచి వస్తున్నప్పుడు షాపతను మొత్తం చదివాడు. పక్కకు తిరిగి, నా మొహం చూడకుండా చేతికిచ్చాడు.

రామకృష్ణారావు